నియమావళిలో నష్టమైన వరుస



ఎవరి స్మృత్యర్థము మనమీ సాయంకాలమిచ్చట చేరితిమో ఆ పెద్దలు పగలెల్ల ఒక సహకార పరపతి సంఘమున లెక్కలు వ్రాయుచు, పొద్దు వాలిన పిమ్మట తమ యింటి అరుగుమీద పిల్లలకు ఛందస్సు చెప్పుచు జీవితమును గడపినవారు. ఈ రెండు వ్యాసంగములకును పొత్తేమని ఆ కాలమున అనేకులు తలచియుందురు, నేనును తలచితిని. ఇరువదియేండ్ల ప్రాయమున వారి చేతిక్రింద గుమాస్తాగా చేరినప్పుడు, చిట్టా ఆవర్జాల నడుమ గురులఘువుల ప్రసక్తి యేమిటికని లోలోపల విసుగుకొన్న దినములును కలవు. ఆ తరువాత నలువదియేండ్లపాటు బ్యాంకుల కంప్యూటర్లకు నియమములు వ్రాయుటయు, ఇతరులు వ్రాసిన నియమములను పరీక్షించుటయు నాకు జీవనోపాధి అయినది. ఆ నలువదియేండ్లలోను నాకు నిత్యము అక్కరకు వచ్చిన విద్య ఆ అరుగుమీద నేర్చినదే. దానినే నేడు మీకు విన్నవింపదలచితిని.

ఆ సంఘమున పంటఋణముల వసూలునకు ఒక నియమావళి యుండెను. అందు వాక్యములు మూడే. గడువులోపల బాకీ తీర్చినవారికి వడ్డీలో రాయితీ ఈయవలెను. గడువు దాటినను, భూమి తమ పేరనే యుండి, పంటనష్టమునకు ధ్రువపత్రము తెచ్చినవారికి గడువు పొడిగింపవలెను. గడువు దాటి, ధ్రువపత్రమును లేనివారియొద్ద జరిమానావడ్డీ రాబట్టవలెను. ఒక్కొక్క వాక్యమును విడివిడిగా చదివినచో ఏ వాక్యమునందును దోషము కానరాదు. మూడును న్యాయముగనే యున్నవి, మూడును సుబోధముగనే యున్నవి, పాలకవర్గమువారు మూడింటిని చర్చించియే సంతకములు చేసియున్నారు.

తుపాను వచ్చిన యేట ఒక రైతు వచ్చెను. చేను అతనిదే, సాగు అతనిదే. కాని తండ్రి కాలము చేసి నాలుగేండ్లయినను పట్టా పేరుమార్పిడి జరుగలేదు. గడువు దాటినది. ధ్రువపత్రము మాత్రము పంచె మడతలోనుండి తీసి బల్లమీద పెట్టెను. భూమి అతని పేర లేదు గనుక రెండవ వాక్యము చెల్లదని నేను నిశ్చయించి, అతనిని మూడవ వాక్యమునకు దించి జరిమానావడ్డీ లెక్కకట్టితిని. “కాగితం తెచ్చాను గదా బాబూ” అని అతడు అన్న ఆ ఒక్కమాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను. మూడవ వాక్యము ధ్రువపత్రము లేనివారినిగూర్చి చెప్పుచున్నది, అతనికి ధ్రువపత్రమున్నది. అతడు మొదటి వాక్యమువాడు కాడు, రెండవదానివాడు కాడు, మూడవదానివాడును కాడు. నేను మాత్రము ఏదో యొక వాక్యమున అతనిని ఇరికించితిని. ఏలననగా నా బల్లముందు నిలిచిన ప్రతివ్యక్తియు ఆ మూడు వాక్యములలో ఎచ్చటనో ఉండియే తీరవలెనని నా మనస్సు విచారింపకయే నమ్మియుండెను.

మా పెద్దలు సర్వమును ఆలకించి, పలక తెప్పించి, “మూడు షరతులు, మూడక్షరాలు. అవునంటే గురువు, కాదంటే లఘువు. ప్రస్తారం వెయ్యి నాయనా” అనిరి. భూమి తన పేర నుండుట మొదటి అక్షరము, ధ్రువపత్రముండుట రెండవది, గడువులోపల తీర్చుట మూడవది. మూడక్షరములకు రూపములెనిమిదియని ఛందస్సు చదివిన ప్రతి బాలునికిని తెలియును: మ, య, ర, స, త, జ, భ, న. ఛందశ్శాస్త్రకర్తయైన పింగళుని ప్రస్తారక్రమమున వాని వరుసయు ఇదియే. మూడవ అక్షరము గురువైన మ య ర స గణములు నాలుగును మొదటి వాక్యమునకు చెందినవి. రెండు గురువులమీద లఘువైన తగణము రెండవ వాక్యమునకు చెందినది. నడుమను చివరను లఘువులు గల భగణ నగణములు మూడవ వాక్యమునకు చెందినవి. నాలుగును ఒకటియు రెండును ఏడు. “జగణం ఏదీ?” అని వారడిగిరి.

మధ్యమున గురువు, ఇరుప్రక్కల లఘువులు: భూమి తన పేర లేదు, ధ్రువపత్రము కలదు, గడువు దాటినది. ఆ రైతు జగణము. నియమావళిలో అతనికి వరుస లేదు.

సభాసదులారా, వ్యాపారనియమములలోను పరిపాలనానియమములలోను దోషములు ప్రధానముగా రెండు తెరగులు. ఒకే సందర్భమునకు రెండు నియమములు తగిలి రెండు వేర్వేరు ఫలముల నిచ్చుట ఒకటి; ఒక సందర్భమునకు ఏ నియమమును తగులకపోవుట మరియొకటి. మొదటిదానికి మన పూర్వులు మిక్కిలి శ్రద్ధ వహించిరి. సామాన్యవిధిని విశేషవిధి బాధించుననియు, తుల్యబలములైన రెండు సూత్రములు తారసిల్లినచో పరసూత్రమే కార్యము చేయుననియు పాణినీయులు వ్యవస్థ చేసిరి. వైరుధ్యము తనంత తాను బయటపడును; రెండు వాక్యములు పోట్లాడుకొనునప్పుడు ఎవరికో ఒకరికి ఆ సవ్వడి వినబడక మానదు. రెండవ దోషమునకు సవ్వడి లేదు. వ్రాసినదానిని ఎన్నిమారులు చదివినను వ్రాయనిది కంటబడదు. కనబడకపోవుటకే పాణిని లోపమను సంజ్ఞ చేసెను. తెనుగున మనము తప్పునకు లోపమని వాడుచున్నాము. ఈ రెండర్థములును ఒకచోట కలిసికొనిన తావు ఈ నష్టమైన వరుసయే.

కావున నియమములను చదువుటచేత నియమావళి సమగ్రమో కాదో తేలదు. నియమములను ప్రక్కకు పెట్టి, షరతులను మాత్రము గైకొని, వానికి సాధ్యమైన రూపములనన్నింటిని ముందుగా వరుసగా పరచి, పిమ్మట ఒక్కొక్క రూపము ముందర నిలిచి “నీకు చెప్పబడినదేమి?” అని అడుగవలెను. పింగళుని ఛందశ్శాస్త్రపు తుది అధ్యాయము చేసిన పని యిదియే. అతడు ప్రయోగమునందున్న వృత్తములను మాత్రము లెక్కింపలేదు. కవులెవ్వరును ఎన్నడును వాడని రూపములకును ప్రస్తారమున చోటిచ్చెను. ఎన్ని రూపములుండవలెనో చెప్పుట సంఖ్య. రూపమునుబట్టి దాని వరుససంఖ్య చెప్పుట ఉద్దిష్టము. వరుససంఖ్యనుబట్టి చెరగిపోయిన రూపమును మరల రాబట్టుట నష్టము. ఆ నష్టవిధానమును పదవ శతాబ్దపు వ్యాఖ్యాత హలాయుధుడు మొదలగువారు విశదీకరించిరి. ఆరవ రూపమేదని అడిగినచో పట్టికంతయు వేయనక్కరలేదు. ఆరు సరిసంఖ్య, లఘువు వ్రాసి సగము చేయుడు. మూడు బేసి, గురువు వ్రాసి ఒకటి కలిపి సగము చేయుడు. రెండు సరి, లఘువు. లఘువు గురువు లఘువు, జగణము. ఆ దినమున పలకమీద నేనుగూడ ఈ లెక్క చేసితిని. ఆరవ వరుస చెరగిపోలేదు, ఎవరును వ్రాయలేదు.

అవును కాదను రెండింటితో లోకవ్యవహారమంతయు తెగదని మీరనవచ్చును. అది నిజము. సుమారు 1500 ఏండ్ల క్రిందట తార్కికుడైన దిఙ్నాగాచార్యుడు హేతుచక్రమును రచించినప్పుడు మూడేసి విభాగములను గైకొనెను: హేతువు సపక్షమునందు, అనగా సాధింపదలచిన ధర్మము కలవని తెలిసినవానియందు, అంతటను ఉండవచ్చును, ఎచ్చటను ఉండకపోవచ్చును, కొన్నిచోట్ల మాత్రముండవచ్చును, ఆ ధర్మము లేనివైన విపక్షమునందును అట్లే. మూడు మూళ్లు తొమ్మిది గడులు. అందు రెండు సద్ధేతువులు, రెండు విరుద్ధములు, ఐదు అనైకాంతికములు. నన్ను మిక్కిలి ఆకర్షించినది ఐదవ గడి, చక్రపు నడిమి గడి: సపక్షమునను లేక, విపక్షమునను లేక, విచారణకు వచ్చిన పక్షమునందు మాత్రమే యున్న హేతువు. వినబడుచున్నది గనుక శబ్దము నిత్యమనుట దీనికుదాహరణము. వాదసభలలో వినబడిన హేతువులను పోగుచేసి వర్గీకరించినవానికి ఈ గడి అవసరము తట్టుట కష్టము. ముందు గడులు గీసి పిమ్మట నింపబూనినవానికి అది తప్పించుకొనరానిదై ఎదుట నిలుచును.

ఆధునికకాలమున ఈ పనికి నిర్ణయ పట్టికయని పేరు. 1950ల తుదిని అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థవారు ఇట్టి పట్టికలను కంప్యూటర్ పనులకు వాడసాగిరి. కోబాల్ భాషను రూపొందించిన కోడసిల్ సమితివారు 1962లో డీటాబ్-ఎక్స్ అను పట్టికల భాషను వెలువరించిరి. డేవిడ్ పార్నస్ మొదలగువారు 1978 ప్రాంతమున ఏ-7 యుద్ధవిమానపు ప్రోగ్రాముల లక్షణములను పట్టికలుగా వ్రాసిరి. కెనడాలోని డార్లింగ్టన్ అణువిద్యుత్కేంద్రమున రియాక్టరును ఆపివేయు ప్రోగ్రాములను ఆ పద్ధతిచేతనే గడిగడియు పరీక్షించిరి. అణుకేంద్రమున వదలిపోయిన గడి యేమి చేయగలదో చెప్పనక్కరలేదు గనుక అచ్చటివారు ఆ శ్రమకు వెనుదీయలేదు. బ్యాంకులలోను కార్యాలయములలోను ఆ శ్రమ దుబారాయని తలచువారిని నేననేకులను చూచితిని.

ఇచ్చట లెక్కలో ఒక మోసము కలదు. దానిని కొంత నిదానముగా చెప్పెదను. పట్టిక పెరిగినకొలది కొన్ని వరుసలను మడచి ఒక్కటిగా వ్రాయుట ఆచారము: ఏ షరతు ఎట్లున్నను ఫలము మారదో ఆ షరతు గడిలో అడ్డగీత గీయుదురు. ఒక అడ్డగీత గల నియమము రెండు వరుసలకు, రెండు అడ్డగీతలున్నది నాలుగింటికి, మూడున్నది ఎనిమిదింటికి సమానము. మా రైతుల నియమములలో మొదటిదానికి రెండు అడ్డగీతలు, మూడవదానికి ఒకటి. ఈ మొత్తములన్నియు కూడి సంఖ్యతో సరిపోయినచో పట్టిక సమగ్రమని అనేకులు ముద్ర వేయుదురు. అది చాలదు. ఒక వరుసను రెండు నియమములు పంచుకొనుచు, మరియొక వరుసను ఏ నియమమును ముట్టకున్నచో, ఎక్కువయు తక్కువయు చెల్లుబడియై మొత్తము ఎనిమిదికి ఎనిమిదిగనే వచ్చును. కావున మొత్తము కట్టుటకు ముందు నియమములను జంటలు జంటలుగా గైకొని, ప్రతి జంటయందును ఏదో ఒక షరతువద్ద ఒకటి అవునని, రెండవది కాదని చెప్పుచున్నదో లేదో చూడవలెను. అట్లు అన్ని జంటలును విడివడిన పిమ్మటనే మొత్తము సాక్ష్యమునకు పనికివచ్చును. ఈ క్రమము తారుమారు చేసి నేను స్వయముగా ఒకప్పుడు మోసపోయితిని.

బ్యాంకు కౌంటరువద్దకు వత్తము. 2025-26 ఆర్థిక సంవత్సరమున ఫిక్సెడ్ డిపాజిట్టుపై వడ్డీ ఏడాదికి 50,000 రూపాయలు దాటినచో, అరువదియేండ్లు నిండినవారికైనచో 1,00,000 రూపాయలు దాటినచో, బ్యాంకు దానినుండి నూటికి పది చొప్పున టీడీఎస్ కోత విధింపవలసియుండెను. తమకు పన్ను పడదని 15జి గాని, పెద్దలైనచో 15హెచ్ గాని ఫారము ఇచ్చినవారికి ఆ కోత లేకుండెను. పాన్ ఈయనివారికి నూటికి ఇరువది. ఈ మూడు మాటలను ప్రస్తారమున పరచుడు: పాన్ ఉండుట మొదటి అక్షరము, ఫారము ఇచ్చుట రెండవది, వడ్డీ పరిమితిని దాటుట మూడవది. దాటనివారి నాలుగు వరుసలును ఒక్క నియమములో మడచుకొనును. మగణమునకు కోత లేదు, రగణమునకు పది, సగణమునకు ఇరువది. యగణమునకేమి? పాన్ లేదు, ఫారము ఇచ్చెను, వడ్డీ దాటెను. ఫారమును చూచినచో కోత కూడదు. పాన్ లేమిని చూచినచో ఇరువది తీయవలెను. చట్టము వ్రాసినవారు ఈ వరుసను చూచిరి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన 206ఏఏ సెక్షనులోనే, పాన్ లేనిదే ఆ ఫారము చెల్లనేరదని వేరుగా ఒక ఉపవిధి చేర్చిరి. చట్టములను నిందించుట మనకు వాడుక. ఇట్టి ఉపవిధిని చూచినప్పుడు, ఎవరో ఒక అజ్ఞాత ముసాయిదాకారుడు ప్రతి వరుస ముందరను నిలిచి ప్రశ్నించెనని నాకు గౌరవము కలుగును.

నేను పరీక్షించిన ఒక సంస్థ ప్రోగ్రాములో మాత్రము ఈ వరుస పోయినది. అది మొదట ఫారమును అడుగును. ఉన్నదనగానే కోత లేదని తేల్చి అచ్చటనే ఆగును. పాన్‌ను అడుగు ప్రశ్నవద్దకు పోనేపోదు. ప్రశ్నలను ఒకదాని కడుపులో ఒకటిగా పేర్చినప్పుడు, ముందడిగిన ప్రశ్న వెనుకటి ప్రశ్నను మ్రింగుట సర్వసాధారణము. వ్రాసినవారు సమర్థులే. వారు తమ దృష్టికి వచ్చిన ఖాతాదారులను తలచుకొని వ్రాసిరి. యగణపు మనిషి వారి తలపునకు రాలేదు.

ఇంతకన్న అపాయకరమైనది “తక్కినవారందరు” అను నియమము. పట్టిక తుదిని దీనిని చేర్చినచో లెక్కప్రకారము లోపమే యుండదు. ప్రతి వరుసకును ఫలము దొరకును. కంప్యూటరు ఆగిపోదు, గుమాస్తా తడబడడు. కాని ఆ తక్కినవారెవరో వ్రాసినవారు ఎరుగరు. ఎరుగనివారినిగూర్చి తీర్పు చెప్పి, దానిని సమగ్రతయని తలచుటను నేనెప్పుడును ఒప్పుకొనలేదు. తక్కినవారను మాట వాడదలచినచో ముందు ఆ తక్కిన వరుసలను పూర్తిగా వ్రాసి, పేరుపేరున చూచి, అందరికిని ఒకే ఫలము తగునని నిర్ధారించుకొని, అప్పుడు మడవవలెను. మా రైతును నేను జరిమానాకు దించినది వ్రాయబడని ఇట్టి నియమముతోనే.

అసంభవమని కొట్టివేసిన వరుసలను గూర్చియు ఒకమాట. అరువది నిండనివాడు ఎనుబది నిండినవాడగుట అసంభవము. అట్టి వరుసను అసంభవమని గడిలో వ్రాసి యుంచవలెనే గాని తుడిచివేయరాదు, ఏలననగా అది తర్కముచేత అసంభవమో, మన ఎరుకలేమిచేత అసంభవమో తరువాతివారు విచారింపవలసియుండును. స్త్రీపురుషులను రెండు గడులే గల దరఖాస్తులు ఎన్ని తరములు చెల్లినవి! మూడవ గడి అసంభవమని అచ్చువేసినవారు తలచిరి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా తీర్పున ట్రాన్స్‌జెండరు వ్యక్తులను తృతీయలింగముగా గుర్తింపవలెనని చెప్పువరకును, ఆ గడి లేకపోవుటచేత ఎందరు ఏ దరఖాస్తు నింపలేక తిరిగిపోయిరో లెక్కించినవారు లేరు. పుట్టినతేదీ తెలియని ముసలివారి సంగతియు అట్టిదే. వారు అరువది దాటినవారు కారు, దాటనివారును కారు. తెలియదు అనునది వారికి మూడవ విభాగము, దిఙ్నాగునివలె దానికొక గడి గీయక తప్పదు.

లోపమైన వరుస ఎంతకాలము మనుష్యులను బాధింపగలదో తెలియుటకు మన ఇండ్లలోని ఆస్తి తగవులే చాలును. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము హిందూ వారసత్వ చట్టమును సవరించి, 1985 సెప్టెంబరు 5 నుండి ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు కలిగించినది. ఆ తేదీకి ముందే పెండ్లియైన కుమార్తెలకు అది వర్తింపదని స్పష్టముగా చెప్పినది. ఆ గడి నింపబడినది. నింపిన తీరు మనకు రుచింపకపోవచ్చును, కాని నింపబడినది. 2005 సెప్టెంబరు 9న పార్లమెంటు చేసిన సవరణము అమలునకు వచ్చి పెండ్లి షరతును తీసివేసినది. కాని ఆ దినమునకే తండ్రి గతించియున్న కుమార్తె మాటయేమి? ఆ వరుసను ఆ విధి విడదీసి చెప్పలేదు. 2015లో ప్రకాశ్, ఫూలావతి కేసున సుప్రీంకోర్టు, తండ్రియు కుమార్తెయు ఇరువురును ఆ తేదీకి జీవించియుండవలెనన్నది. 2018లో దానమ్మ కేసున, 2001లోనే తండ్రి గతించిన కుమార్తెలకు భాగమిచ్చినది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసున ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, హక్కు పుట్టుకతోనే వచ్చుచున్నది గనుక తండ్రి జీవించియుండనక్కరలేదని తేల్చినది. ఒక్క వరుసకు పదునైదేండ్లు పట్టినది. రెండు షరతులకు నాలుగు వరుసల పట్టికను ముసాయిదా వ్రాసిననాడే ఎవరైన గీసియున్నచో ఆ ప్రశ్న ఒక సాయంకాలమున తేలియుండునని నేననను. చట్టసభలలో తెలిసియే విడిచిన గడులును ఉండును. కాని ప్రశ్న యున్నదని మాత్రము ఆనాడే తెలిసియుండును.

షరతులు పెరిగినచో ఏమి చేయుదుమను ప్రశ్న నన్ననేకులు అడుగుదురు. పది షరతులకు 1,024 వరుసలు, ఇరువదికి 10,48,576, ముప్పదికి నూరుకోట్లు మించును. పలక చాలదు. 1971లో స్టీఫెన్ కుక్ తన ప్రసిద్ధవ్యాసమున కాఠిన్యమునకు కొలబద్దగా నిలిపిన సమస్య ఈ మన ప్రశ్నయే రూపము మార్చుకొన్నది: అడ్డగీతలతో మడచిన నియమములన్నియు కలసి సమస్త వరుసలను కప్పుచున్నవా లేదా? దీనికి అన్నివేళల త్వరగా ఫలించు ఉపాయము నేటికిని ఎవరికిని దొరకలేదు. అయినను వ్యవహారమునందలి పట్టికలకు నేటి ప్రోగ్రాములు చాలవరకు చాలుచున్నవి. కప్పబడలేదని మాత్రము చెప్పి అవి ఊరకుండవు. ఏ వరుస కప్పబడలేదో ఆ వరుసనే తెచ్చి చేతికిచ్చును. తెరమీద అట్టి వరుస మొట్టమొదట కనబడినప్పుడు నేను నష్టక్రియను తలచుకొని చాలసేపు మాటాడలేకపోయితిని. ప్రక్కనున్న యువకులకు కారణము తెలియలేదు.

యంత్రము వరుసను వెదకియిచ్చును. దానికి తగిన ఫలమేమో చెప్పజాలదు. అది అధికారముగలవారిని అడుగవలసినదే. మా పెద్దలు ఆనాడు ఆ రైతునకు తామై గడువు పొడిగింపలేదు, నేను వేసిన జరిమానాను నిలుపనును లేదు. అతని ఖాతాపుటలో వడ్డీ గడిని ఖాళీగా విడిచి, అంచున ఎఱ్ఱసిరాతో “జ” అని వ్రాసి, పాలకవర్గమునకు ఒక లేఖ పంపిరి. అందు ఫిర్యాదు లేదు, సిఫారసును లేదు. ఎనిమిది వరుసలు గీసి, ఏడింటి ముందర ఆయా వాక్యముల సంఖ్యలు వేసి, ఆరవదాని ముందర “నిర్ణయము తెలుపగోరెదను” అని వ్రాసిరి. జవాబు వచ్చువరకును అతనియొద్ద ఏమియు వసూలు చేయవలదని నాతో చెప్పిరి.

రెండు నెలలకు జవాబు వచ్చెను. వారసుడని గ్రామకరణముగారు వ్రాసియిచ్చినచో గడువు పొడిగింపవచ్చునని నాలుగవ వాక్యము చేర్చిరి. నేను ఆ వార్త చెప్పుటకు వారి యింటికి పోగా, వారు అరుగుమీద పాఠము ఆపి, “ఖాతాలన్నీ తిరగెయ్యి నాయనా, ఇంకా జగణాలు ఉంటారు” అనిరి. ఆ రాత్రి దీపము పెట్టుకొని ఇరువురమును పాత ఖాతాలు తిరుగవేసితిమి. జరిమానా చెల్లించి, మారుమాటాడక వెళ్లిపోయినవారి పేర్లు ఒకటొకటిగా బయటపడసాగెను.